రిక్షా అనే మాట, మా రంగం తాత

మా ఇంట్లో రంగం అంటే రంగూనే. మా ఇంట్లోనే కాదు, గోదావరి తీరం నుంచి శ్రీకాకుళం దాకా పాత తరం వాళ్ళందరికీ అంతే. "ఫలానా వాడు రంగం వెళ్ళాడు" అంటే ఓడెక్కి బర్మా పోయాడని అర్థం. మా తాతయ్య తమ్ముడు అలా వెళ్ళినవాడే. ఆయనకి అసలు పేరు ఒకటి ఉండేది గానీ ఇంట్లో పిల్లా పెద్దా అందరికీ ఆయన రంగం తాత.

రంగంలో ఆయన ఏం చేసేవాడని అడిగితే పెద్దవాళ్ళు "బండ్ల కంపెనీలో పని" అని ఊరుకునేవారు. మా నాన్నగారు ఓ పాత అకౌంటు పుస్తకంలో రాసిపెట్టిన వంశవృక్షంలో ఆయన పేరు పక్కన "వ్యాపారం, రంగూన్" అని ఉంది. మేమూ చాలా ఏళ్ళు అదే నమ్మాం.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. యుద్ధం రోజుల్లో తిరిగొచ్చేశాక యానాంలోనే ఉండిపోయాడు. ఎప్పుడైనా పని మీద కాకినాడ వెళ్తే బస్సు దిగి ఎంత దూరమైనా నడిచే పోయేవాడు. రిక్షా ఎక్కేవాడు కాదు. ఎండైనా అంతే, వానైనా అంతే, చంకలో మూట ఉన్నా అంతే. మమ్మల్ని రిక్షా ఎక్కించి, డబ్బులిచ్చి, తను పక్కన నడిచిన రోజులు కూడా ఉన్నాయి. పిసినారితనం అనుకునేవాళ్ళం. అయితే రిక్షా అతను అడిగినదాని మీద ఎప్పుడూ ఒక పావలా ఎక్కువే ఇచ్చేవాడు. మరి అది పిసినారితనం ఎలా అవుతుందో అప్పట్లో మాకు తట్టలేదు.

ఆయన పోయిన చాలా ఏళ్ళకి ఒక సాయంత్రం మామ్మ మాటల్లో బయటపెట్టింది. "ఆయన అక్కడ బండి తోలలేదర్రా. బండే లాగాడు."

తోలడం వేరు, లాగడం వేరు. ఎద్దుల్ని తోలతాం, గుర్రాన్ని తోలతాం. లాగేది ఎద్దు, లాగేది గుర్రం. మామ్మ ఆ ఒక్క క్రియ మార్చి చెప్పేసరికి మాకు విషయం అర్థమైంది. ఆయన రంగూన్ వీధుల్లో రిక్షా లాగాడు. అప్పట్నుంచి రిక్షా అనే మాట కనిపిస్తే మేం ఆగి చూస్తున్నాం. అలా చూడగా తెలిసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

మొదట ఆ మాట రూపం చూడండి. రక్ష, శిక్ష, భిక్ష, పరీక్ష లాంటి మాటల పక్కన రిక్షా అని రాస్తే ఎవరైనా అది సంస్కృతమే అనుకుంటారు. ఆ 'క్ష' అలాంటిది. మా వైపు నోట్లో అది "రిచ్చా" అయిపోయి ఇంకా మనదైపోయింది. కానీ ఇది జపాన్ మాట. పూర్తి రూపం జిన్‌రికిషా. జిన్ అంటే మనిషి, రికి అంటే బలం, షా అంటే బండి. మనిషి బలంతో నడిచే బండి అన్నమాట. మూడు ముక్కలూ జపాన్ వాళ్ళు చైనా లిపి అక్షరాలతోనే రాస్తారు. రికిలో చివరి 'ఇ' పలకడంలో దాదాపు వినిపించదు. అందుకే రికి, షా కలిసి రిక్షా అయింది. మనం రాసే 'క్ష'లో సగం బలం, సగం బండి.

ఆ బండి పుట్టింది 1869, 1870 ప్రాంతంలో. 1868లో జపాన్‌లో పాత షోగన్ల పాలన పోయి మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం వచ్చింది. అంతవరకూ అక్కడ డబ్బున్నవాళ్ళు కాగో అనే డోలీలో పోయేవారు. ఒక వాసానికి వేలాడదీసిన బుట్ట లాంటిది, ముందొకరు వెనకొకరు భుజాన మోసుకుపోయేవారు. టోక్యోలో ఇజుమి యోసుకే, సుజుకి తోకుజిరో, తకయామ కోసుకే అనే ముగ్గురికి 1870లో ఈ కొత్త బండి తయారీకి అనుమతి దొరికింది. చక్రాలొచ్చాయి కాబట్టి ఇద్దరు చేసే పని ఒక్కడే చెయ్యగలిగాడు. డోలీ కంటే వేగం, డోలీ కంటే చవక. 1872 నాటికే టోక్యోలో నలభై వేల దాకా రిక్షాలు తిరిగాయని లెక్క చెబుతారు. జొనాథన్ గోబుల్ అనే అమెరికన్ మిషనరీ, నడవలేని తన భార్య కోసం దీన్ని తయారుచేయించాడనే కథ కూడా చాలాకాలంగా ప్రచారంలో ఉంది. జపాన్‌లో మాత్రం ఆ ముగ్గురి పేర్లే చెప్పుకుంటారు.

ఇక్కడ మనకు మన పల్లకీలు గుర్తుకురావాలి. కోస్తాలో పల్లకీ మోసేవాళ్ళని బోయీలు అనేవారు కదా. మద్రాసు ప్రెసిడెన్సీ తెల్లవాళ్ళు ఆ తెలుగు మాటని విని, తమ భాషలో కుర్రాడికి వాడే 'బాయ్' అనే మాటతో కలిపేసుకున్నారు. 1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో ఆ సంగతి ఉంది. ముసలి బోయీ అయినా దొర నోట్లో 'బాయ్' అయ్యాడు. మోసేవాడి పేరు మారిపోవడం రిక్షాతో మొదలైన విషయం కాదు.

అదే హాబ్సన్ జాబ్సన్‌లో రిక్షా కూడా ఉంది. అయితే 'ర' కింద కాదు, 'జ' కింద. జెన్నీరిక్షా అని. జిన్ అంటే ఏమిటో తెలియని తెల్లవాళ్ళకి అది జెన్నీ అనే ఆడపిల్ల పేరులా వినిపించింది. మనిషి అనే అర్థమున్న ముక్క ముందు అలా వక్రించింది, తర్వాత పూర్తిగా ఊడిపోయింది.

ఊడిపోతున్న సమయంలో పట్టుబడిన ఒక గుర్తు కూడా ఉంది. సిమ్లాలో 1880 ప్రాంతంలోనే రిక్షాలు వచ్చాయి. కొండ దారుల్లో ఒక్కో రిక్షాకి నలుగురేసి మనుషులు పనిచేసేవారు, ముందు లాగడానికి కొందరు, వెనక తొయ్యడానికి కొందరు. ఆ సిమ్లా రిక్షా మీద రడ్యార్డ్ కిప్లింగ్ ఒక దెయ్యం కథ రాశాడు. 1888లో అలహాబాదులో అచ్చయిన ఆ కథల పుస్తకం పేరులో రిక్షా అనే మాటకి ముందు పైన చిన్న కామా లాంటి గుర్తు ఉంటుంది. ఇక్కడ ఒక ముక్క తీసేశాం అని చెప్పే గుర్తు అది. తీసేసిన ముక్క జిన్, అంటే మనిషి. తర్వాత తర్వాత ఆ గుర్తు పెట్టడం కూడా మానేశారు. ఇప్పుడు మాటలో మిగిలింది బలం, బండి. ఆ బలం ఎవరిదో మాట చెప్పదు.

అన్ని భాషల్లోనూ ఇలా జరగలేదు. పెనాంగ్‌లో స్థిరపడిన హొక్కియెన్ చీనావాళ్ళు రిక్షాని లాంగ్‌ఛియా అంటారు. మనిషి బండి అని అర్థం. వాళ్ళు బలాన్ని వదిలేసి మనిషిని ఉంచుకున్నారు. బర్మాలో రిక్షాకి వాడిన లాంచా అనే మాట కూడా చీనా వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందే. షాంఘైలో 1874లో ఒక ఫ్రెంచివాడు జపాన్ నుంచి రిక్షాలు తెప్పించాడు. అక్కడ మొదట దాన్ని "తూర్పు సముద్రపు బండి" అన్నారు, అంటే జపాన్ బండి అని. తర్వాత పసుపు రంగు వేయడంతో పసుపు బండి అన్నారు. ఫ్రెంచివాళ్ళు దీన్ని పుస్‌పుస్ అంటారు. తోయి, తోయి అని అర్థం. మేం యానాం వాళ్ళం కాబట్టి ఈ మాట మాకు ఇంకాస్త దగ్గర. పుదుచ్చేరిలో పాతకాలపు పుస్‌పుస్‌ని మనిషి నిజంగానే వెనక నుంచి తోసేవాడు. ముందున్న చిన్న చక్రాన్ని ఒక కడ్డీతో తిప్పుకుంటూ దొరగారు కూర్చునేవారు. తోసేవాడి ముఖం ఆయనకు కనబడే పనే లేదు.

ఇప్పుడు రంగం సంగతి. యానాం నుంచి కాకినాడ వెళ్ళే దారిలో తాళ్ళరేవు దగ్గర కోరంగి ఉంది. ఈ రోజు అక్కడికి మడ అడవులు చూడ్డానికి వస్తున్నారు గానీ ఒకప్పుడు అది పెద్ద రేవు, ఓడలు కట్టిన ఊరు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు దాన్ని తుడిచిపెట్టేశాయి. రేవు పోయినా పేరు మాత్రం సముద్రం దాటి బతికింది. బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలు అనే పేరు స్థిరపడిపోయింది. విశాఖపట్నం వాడైనా, గంజాం వాడైనా, గోదావరి వాడైనా అక్కడ కోరంగీయే. తర్వాతి కాలంలో కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి స్టీమర్లలో వేల మంది వెళ్ళారు. కోతలయ్యాక వెళ్ళి, నాలుగు డబ్బులు పోగేసి, రెండు మూడేళ్ళకి తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళేవారు.

1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో నాలుగు లక్షల మంది ఉంటే అందులో సగానికి పైగా భారతీయులు. వాళ్ళలో చెట్టియార్లున్నారు, గుజరాతీ వర్తకులున్నారు, బెంగాలీ గుమాస్తాలున్నారు. మన తెలుగువాళ్ళ వంతుకి ఎక్కువగా వచ్చినవి ఒళ్ళు విరిచే పనులు. రేవులో బస్తాలు మొయ్యడం, బియ్యం మిల్లుల్లో కూలి, పాకీ పని, రిక్షా. రంగూన్ రిక్షా లాగేవాళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువ. బండి వాళ్ళది కాదు. యజమాని దగ్గర బాడుగకి తీసుకోవాలి. రోజంతా పరిగెత్తినదాంట్లో ముందు బాడుగ పోవాలి, తర్వాత తిండి, ఆ పైన మిగిలితే ఇంటికి మనియార్డరు. మా ఇంటి వెనక వసారాకి పెంకు ఎక్కించిన డబ్బు అలా వచ్చిందేనని మామ్మ చెప్పింది. వేరే ఎవరి ఇళ్ళల్లో ఏం కట్టారో మాకు తెలీదు గానీ, తీరం వెంబడి "రంగం డబ్బు" అనే మాట ఊరికే పుట్టలేదు.

ఆ బతుకు కూడా భద్రంగా సాగలేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో సమ్మె చేసిన తెలుగు కూలీలకీ, వాళ్ళ స్థానంలో పెట్టుకున్న బర్మా కూలీలకీ మధ్య గొడవ మొదలై ఊరంతా అంటుకుంది. వంద మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువ మంది మనవాళ్ళే. 1937లో బర్మాని ఇండియా నుంచి విడదీశారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. 1942 మార్చిలో ఊరు జపాన్ చేతికి పోయింది. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకి దొరికింది. మిగతావాళ్ళు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్‌కీ, తము దారిన ఇంఫాల్‌కీ నడిచారు. నాలుగైదు లక్షల మంది అలా వచ్చారంటారు. కలరాతోనూ ఆకలితోనూ దారిలోనే వేల మంది పోయారు. మా రంగం తాత అరకాన్ దారిన వచ్చినవాడు. ఇన్నేళ్ళు బండి లాగిన కాళ్ళు కాబట్టి అంత దూరం నడిచి బతికాడని మామ్మ అనేది. ఆయన ఇల్లు చేరేసరికి ఇక్కడా ప్రశాంతంగా లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖతోపాటు కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయి.

ఒక్కసారి వరసపెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బండి జపాన్‌ది, దాని పేరు జపాన్‌ది, వీధి ఇంగ్లీషువాడిది, ఊరు బర్మా వాళ్ళది, కాళ్ళు మనవి. చివరికి ఆ బతుకుని ముగించిన విమానాలూ జపాన్‌వే.

తర్వాత మన దేశంలో రిక్షాకి సైకిలు జతైంది. అందుకే ఆంధ్ర ఊళ్ళలో రిక్షా అంటే మూడు చక్రాలదే గుర్తుకొస్తుంది, లాగే రిక్షా కాదు. మద్రాసులో మాత్రం లాగే రిక్షాలు చాలాకాలం నడిచాయి. అక్కడ వాటికి కై రిక్షా అని పేరు. 1971లో ఎం.జి.ఆర్. నటించిన 'రిక్షాకారన్' వచ్చింది, దానికి ఆయనకి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు కూడా వచ్చింది. వానలో తడిసే రిక్షావాళ్ళకి ఆయన రెయిన్‌కోట్లు పంచిన సంగతి మద్రాసులో ఉన్న మా చుట్టాలు ఇప్పటికీ చెబుతారు. 1973లో కరుణానిధి ప్రభుత్వం తమిళనాడులో చేత్తో లాగే రిక్షాలు తీసేసి వాళ్ళకి సైకిలు రిక్షాలు ఇచ్చింది. కలకత్తాలో మొదట చీనా వర్తకులు సరుకు కోసం తెచ్చుకున్న రిక్షాలు 1914 ప్రాంతంలో మనుషుల్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టాయి. 2006లో అక్కడి శాసనసభ వాటిని ఆపాలని చట్టం సవరించినా పాత వీధుల్లో ఇంకా ఆ గంట చప్పుడు వినిపిస్తూనే ఉంది. మహారాష్ట్రలో మోటారు బళ్ళు రానివ్వని మాథేరాన్ కొండ మీద కూడా మనుషులు లాగే రిక్షాలు నడిచాయి. వాటిని ఆరు నెలల్లో ఆపెయ్యమని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో చెప్పింది. రంగం తాత నడిచి తిరిగొచ్చిన 83 ఏళ్ళకి.

ఇక ఆటో. ఇటలీలో వెస్పా స్కూటరు చేసిన పియాజియో కంపెనీ 1948లో దానికే మూడో చక్రం పెట్టి సరుకు బండి చేసింది. వెస్పా అంటే కందిరీగ, ఈ కొత్త బండికి పెట్టిన పేరు ఆపె, అంటే తేనెటీగ. మన దేశంలో 1959లో బజాజ్‌కి ఇలాంటి మూడు చక్రాల బండ్లు తయారుచేసే లైసెన్సు వచ్చింది. దానికి ఆటోరిక్షా అని పేరు. ఆటో అనేది గ్రీకు మాట, 'తనంతట తాను' అని అర్థం. అప్పటికే మనిషి పోయి బలం, బండి మిగిలాయి కదా. ఇప్పుడు వాటి ముందు 'తనంతట తాను' వచ్చి చేరింది. కొన్నాళ్ళకి రిక్షా కూడా పోయి ఉత్త ఆటో మిగిలింది. బలమూ లేదు, బండీ లేదు, 'తాను' ఒక్కటే. బస్సుకీ ఇలాగే జరిగింది. 'అందరి కోసం' అనే అర్థమున్న ఆమ్నిబస్ అనే లాటిన్ మాటలో తోక మాత్రమే మనం ఎక్కి తిరుగుతున్నాం. ఇప్పుడు బ్యాటరీతో నడిచే ఈ-రిక్షాలొచ్చాయి. అక్కడ రిక్షా అనే మాట తిరిగొచ్చింది గానీ అందులోని బలం ఇప్పుడు బ్యాటరీది.

మాటలో మనిషి జారిపోయాడు సరే, మరి తెలుగులో ఎక్కడైనా మిగిలాడా అని మేం వెతికాం. క్రియల్లో మిగిలాడు. జట్కా తోలతాం. సైకిలు రిక్షా తొక్కుతాం. చేతి రిక్షా లాగుతాం. పని ఏ అవయవంతో జరుగుతుందో, బరువు ఎవరి మీద పడుతుందో ఆ క్రియే చెప్పేస్తుంది. మామ్మ మాకు చెప్పింది కూడా అలాగే. ఇప్పుడు ఆటో కూడా తోలతాం, లారీ కూడా తోలతాం. ఎద్దుల నాటి మాట ఇంజనుకి సరిపోయింది.

ఇంకో మాట ఉంది, అది అంత సుఖంగా ఉండదు. "రిక్షా కట్టించుకుని వచ్చాం" అంటాం కదా. ఆటో కూడా కట్టించుకునే వస్తాం. బండి కట్టడం అంటే అసలు ఎద్దుల్ని కాడికి కట్టడం. జట్కాకైతే గుర్రాన్ని కడతారు. మరి రిక్షా కట్టించుకున్నామంటే కాడికి కట్టింది ఎవర్ని? చిన్నప్పట్నుంచీ అంటున్న మాటే, ఎన్నడూ ఆలోచించలేదు. "ఏయ్ రిక్షా!" అని పిలవడం కూడా అంతే. వచ్చేది మనిషి, పిలిచేది బండిని.

రంగం తాత అలా పిలవగా మేం ఎప్పుడూ వినలేదు. "బాబూ, ఇలా వస్తావా" అనేవాడు. ఆ పిలుపులో ఆయన రంగూన్ బతుకంతా ఉందని ఇప్పుడు అనిపిస్తోంది. పెద్దవాళ్ళు ఆ సంగతి దాచినందుకు మాకు కోపం లేదు. అప్పటి లోకంలో పెళ్ళి సంబంధాలు చూడాలి, నలుగురిలో తలెత్తుకు తిరగాలి. కానీ పెంకు వేయించిన డబ్బు పుచ్చుకుని, అది ఎలా వచ్చిందో మాత్రం చెరిపేశాం. జపాన్ మాటకి ఇంగ్లీషువాళ్ళు చేసినదే మా ఇంటి కథకి మేమూ చేశాం.

పోయిన సంక్రాంతికి అన్నదమ్ముల పిల్లలం అందరం యానాంలో కలిసినప్పుడు నాన్నగారి పుస్తకం బయటికి తీశాం. "వ్యాపారం, రంగూన్" అన్న చోట కొట్టివేత పెట్టకుండా, అది నాన్నగారి చేతిరాత కాబట్టి, కింద ఇంకో వరస రాశాం. "రంగూన్‌లో రిక్షా లాగారు. 1942లో నడిచి ఇంటికి వచ్చారు." మా తర్వాతి వాళ్ళు రెండూ చదువుకుంటారు.